గురి చూసి అడగండి: క్రోనోగ్రాఫ్ అంకెల్ని ఎంతవరకు నమ్మాలి?

ఈసారి వచ్చిన ప్రశ్నలు చాలావరకు క్రోనోగ్రాఫ్ గురించే. బుల్లెట్ బ్యారెల్ దాటేటప్పుడు ఎంత వేగంతో వెళుతోందో కొలిచే పరికరం ఇది. 2023 చివర్లో గార్మిన్ వాళ్ల అరచేతిలో పట్టే రాడార్ వచ్చాక అమెరికాలో రేంజికి వెళ్లే మనవాళ్ల బ్యాగుల్లో కూడా ఇది కనిపిస్తోంది, దాంతో పాటే స్క్రీన్ మీద అంకెలు చూసుకుని పడే టెన్షన్ కూడా. తూటాలు ఇంట్లోనే నింపుకోవడం, అంటే ఇత్తడి కేసులో ప్రైమర్ (పౌడర్‌ని అంటించే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ మనమే పెట్టుకోవడం, అమెరికాలో మామూలు సంగతి, ఆ కూర్పునే లోడ్ అంటారు, కాబట్టి జవాబులు అక్కడివాళ్లను దృష్టిలో పెట్టుకునే రాశాను. హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రశ్న ఆఖర్న ఉంది.

అన్నా, నమస్తే. నాది 6.5 క్రీడ్‌మోర్ తూటా కాల్చే రైఫిల్, 140 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే దాదాపు 0.065 గ్రాము) బుల్లెట్. పౌడర్ 0.2 గ్రెయిన్ చొప్పున పెంచుకుంటూ ఎనిమిది మెట్లు పెట్టుకుని, ఒక్కో మెట్టుకి ఐదు షాట్లు కాల్చాను. ఒక మెట్టు దగ్గర ఎస్‌డీ 5 వచ్చింది, దాని పక్క మెట్టుకి 13. 5 వచ్చినదాన్నే ఖాయం చేసుకుని ఒక పెద్ద డబ్బా నింపేశా. తర్వాతి వారం అదే లోడ్ మళ్లీ ఐదు కాలిస్తే ఎస్‌డీ 12! మెషీన్ పాడైందంటారా? — ఫ్రిస్కో, టెక్సస్

మెషీన్‌కేం కాలేదు తమ్ముడూ, నువ్వు నింపడంలో కూడా తేడా ఏమీ లేకపోవచ్చు. ఐదే షాట్లు చూసి నిర్ణయం తీసుకోవడం దగ్గరే వచ్చింది చిక్కంతా.

ఎస్‌డీ అంటే స్టాండర్డ్ డీవియేషన్, షాట్ షాట్‌కీ వేగం సగటు నుంచి సెకనుకు ఎన్ని అడుగులు అటూ ఇటూ అవుతుందో చెప్పే అంకె. ఐదు షాట్లలో నీకు కనపడే ఎస్‌డీ ఆ లోడ్ అసలు ఎస్‌డీ కాదు, దానికి ఒక అంచనా మాత్రమే, అదీ చాలా వదులు అంచనా. ఐదు షాట్లకి ఎస్‌డీ 10 వచ్చిందనుకో, నూటికి తొంభై అయిదు పాళ్ల నమ్మకంతో చెప్పగలిగేది అసలు విలువ 6 నుంచి 29 మధ్యలో ఎక్కడో ఉందని, అంతే. పది షాట్లకి అదే 10 వస్తే 7 నుంచి 18. ఇరవైకి వస్తే దాదాపు 7.6 నుంచి 14.6. ఇప్పుడు నీ అంకెలు చూడు. 5 వచ్చిన రోజు అసలు విలువ 3 నుంచి 14 దాకా ఎక్కడైనా ఉండొచ్చు, 12 వచ్చిన రోజు 7 నుంచి 34 దాకా. రెండూ 7 నుంచి 14 మధ్య కలుస్తున్నాయి. రెండు రోజుల లెక్కా కలిపితే, అంటే 5 వర్గం 25, 12 వర్గం 144, వాటి సగటు 84.5, దాని వర్గమూలం తీస్తే 9.2. నీ లోడ్ అసలు ఎస్‌డీ తొమ్మిది చుట్టుపక్కల ఉందన్నమాట. మొదటి వారం అది నీకు తక్కువగా కనిపించింది, రెండో వారం ఎక్కువగా కనిపించింది, లోడ్ మాత్రం మారలేదు. పైగా ఎనిమిది మెట్లు కాల్చి అందులో అన్నిటికంటే తక్కువ వచ్చినదాన్ని ఏరుకున్నావు కాబట్టి, అది అదృష్టం కొద్దీ తక్కువ వచ్చినదే అయ్యే అవకాశం ఇంకా ఎక్కువ.

ఈఎస్, అంటే అన్నిటికంటే వేగంగా వెళ్లినదానికీ నెమ్మదిగా వెళ్లినదానికీ మధ్య తేడా, దాంతో ఇంకా జాగ్రత్త. అది షాట్ల సంఖ్యతో పాటు పెరుగుతూనే పోతుంది. ఎస్‌డీ నిజంగా 10 ఉన్న లోడ్‌కి మూడు షాట్లలో ఈఎస్ సగటున 17 వస్తుంది, ఐదుకి 23, పదికి 31, ఇరవైకి 37. మూడు షాట్లు కాల్చి "నా ఈఎస్ 8" అని ఎవరైనా ఫొటో పెడితే చూసి సంతోషించు, దాన్ని నీ లోడ్‌తో మాత్రం పోల్చుకోకు.

పౌడర్ పెంచుతున్నా వేగం పెరగని "చదును చోటు" వెతకమని చాలామంది చెబుతారు, ఒక్కో చార్జికి (పౌడర్ కొలతకి) ఒక్కో షాట్ చొప్పున పది కాల్చి గ్రాఫ్ గీసి, గీత ఎక్కడ పడుకుంటే అక్కడే లోడ్ ఉందంటారు. నేను ఒప్పుకోను. క్రీడ్‌మోర్ సైజు కేసులో 0.2 గ్రెయిన్‌కి వేగం సెకనుకు పది అడుగుల చిల్లర పెరుగుతుంది. ఒక్కో షాట్ తనంతట తానే తొమ్మిది పది అడుగులు అటూ ఇటూ అవుతున్నప్పుడు, గీత ఒకచోట పడుకోవడం, ఇంకోచోట ఎగరడం వాటంతటవే జరుగుతాయి. అదే పరీక్ష మళ్లీ చెయ్యి, చదును చోటు ఇంకోచోటికి జరిగి కనపడుతుంది. షాట్లు పెంచుకుంటూ పోతే ఆ మెట్లన్నీ కలిసి దాదాపు సరళరేఖ అయిపోతాయి.

మరి ఏం చెయ్యాలంటావా? క్రీడ్‌మోర్ బ్యారెల్ మంచి గురితో పనిచేసేది రెండు, రెండున్నర వేల రౌండ్లు, దాన్ని పరీక్షలకే కాల్చేసుకోవడం దండగ. తూటాలు నింపే మాన్యువల్‌లో ఇచ్చిన గరిష్ఠానికి కాస్త కింద, నీకు కావలసిన వేగం ఇచ్చే చార్జీలు రెండు తీసుకో. ఒక్కోటి ఇరవై చొప్పున నింపు. ఒకే రోజు ఒకటి దీన్నుంచి, ఒకటి దాన్నుంచి మార్చి మార్చి కాల్చు, బ్యారెల్ వేడి, మసి, గాలి రెండింటికీ సమానంగా పడతాయి. వాటిలో పెద్ద తేడా కనపడకపోతే, చాలాసార్లు కనపడదు, టార్గెట్ మీద బాగున్నది ఉంచుకుని ప్రాక్టీస్ మొదలుపెట్టు. ఆ తర్వాత ప్రతి ప్రాక్టీస్‌కీ రాడార్ పక్కన ఆన్ చేసి ఉంచు, ఎలాగూ కాల్చే షాట్లే కదా, వాటి లెక్క పేరుకుంటుంది. నలభై షాట్లు పోగయ్యాక వచ్చే సగటు, ఎస్‌డీ నమ్మదగినవి.

ఇంతకీ ఎస్‌డీ 9 అయితే కొంప మునుగుతుందా? 100 గజాల దగ్గర వేగంలో 30 అడుగుల తేడా బుల్లెట్‌ని మిల్లీమీటరున్నర కూడా కదపదు, అందుకే వంద గజాల గ్రూప్ (టార్గెట్ మీద గుండ్లు పడ్డ గుంపు) చూసి ఎస్‌డీ సంగతి తెలుసుకోలేం. అదే 30 అడుగుల తేడా 1,000 గజాల దగ్గర ఏడెనిమిది అంగుళాలు. లాంగ్ రేంజ్‌లో క్రోనోగ్రాఫ్ ఎందుకంటే ఇందుకు. కానీ 9ని 6కి దింపడానికి రాత్రుళ్లు నిద్ర మానుకోవాల్సిన పనిలేదు. లెక్క చూడు: సెకనుకు ఒక అడుగుకి వెయ్యి గజాల దగ్గర పావు అంగుళం అనుకుంటే, ఎస్‌డీ 9 వల్ల నిలువు చెదురు 2.25 అంగుళాలు, 6 వల్ల 1.5. నీ రైఫిల్‌కి, నీ చేతికి సొంతంగా 2 అంగుళాల చెదురు ఉందనుకో. ఇవి నేరుగా కూడవు, వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. మొదటిది 3 అంగుళాలు, రెండోది 2.5. తేడా అర అంగుళం. అక్కడే గంటకి ఒక్క మైలు గాలిని తప్పు చదివితే పక్కకి ఆరేడు అంగుళాలు పోతుంది. ఎఫ్-క్లాస్ (పడుకుని, రైఫిల్‌కి ఆసరా పెట్టి దూరం కాల్చే పోటీ) వెయ్యి గజాల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం మొత్తం వెడల్పే 10 అంగుళాలు. నువ్వైతే ముందు ఏది నేర్చుకుంటావు?

ఇదే వర్గాల లెక్క నింపే బల్ల దగ్గర కూడా పనికొస్తుంది. నీ త్రాసు తేడా వల్ల వచ్చే భాగం 3 అడుగులు, మొత్తం ఎస్‌డీ 10 అనుకో. ఖరీదైన త్రాసు కొని ఆ 3ని పూర్తిగా తీసేసినా మిగిలేది 9.5. కేసు మెడ పట్టు, కేసుల లోపలి పరిమాణం, ప్రైమర్, వీటిలో పెద్ద భాగం ఎవరిదో కనుక్కుని దాని మీద డబ్బు పెట్టు.

అయ్యా, నా దగ్గర పాత పద్ధతి క్రోనోగ్రాఫ్ ఉంది, ట్రైపాడ్ మీద పెట్టి పైనుంచి కాల్చేది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చూపిస్తోంది. మా అబ్బాయి దాన్ని పారేసి రాడార్ కొనమంటున్నాడు. రిటైరైనవాణ్ణి, అంత ఖర్చు అవసరమా? — ఫీనిక్స్, అరిజోనా

పారేయకండి, కానీ దాని బలహీనతలు తెలుసుకుని వాడండి. మీ పరికరం బుల్లెట్ నీడని చూస్తుంది. మొదటి సెన్సర్ మీద నీడ పడ్డప్పుడు గడియారం మొదలు, రెండోదాని మీద పడ్డప్పుడు ఆపు, మధ్య దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం. ఎండ పక్కనుంచి పడితే, బుల్లెట్ అడుగుభాగం మెరిస్తే, నీడ పట్టుకునే క్షణం ముందుకో వెనక్కో జరుగుతుంది. ఫీనిక్స్ ఎండలో ఆ పైన పెట్టే తెల్ల ప్లాస్టిక్ రేకులు తప్పనిసరి. సెన్సర్ల మధ్య రెండడుగులు ఉందనుకోండి, పట్టుకోవడంలో అంగుళంలో ఎనిమిదో వంతు తేడా వస్తే చాలు, 2,700 దగ్గర 14 అడుగుల తప్పు. సెన్సర్ల మధ్య దూరం నాలుగడుగులైతే తప్పు సగం. టెక్సస్‌లోని ఓలర్ కంపెనీ 35పీ మోడల్‌లో మూడో సెన్సర్ పెట్టి ప్రతి షాట్‌నీ రెండుసార్లు కొలిచి, రెండూ కలవకపోతే హెచ్చరించేలా చేసింది ఇందుకే. అలాంటిది మీ దగ్గరుంటే ఈరోజుకీ నిక్షేపంగా పనికొస్తుంది.

మూతికి పది పదిహేను అడుగుల దూరంలో పెట్టండి, దగ్గరగా పెడితే మంట, పొగ కూడా దానికి బుల్లెట్‌లాగే కనపడతాయి. బ్యారెల్‌కి సమాంతరంగా ఉందో లేదో చూడండి. సన్నటి మబ్బు పట్టిన రోజు దొరికితే అదే మంచి రోజు. రెండు వేర్వేరు రోజుల అంకెలు కలపాలంటే, నమ్మకమైన .22 మ్యాచ్ తూటాలు ఒక డబ్బా విడిగా ఉంచుకుని ప్రతిసారీ ముందు అవి పది కాల్చి చూసుకోండి. వాటి సగటు మారితే ముందు వెలుతురునే అనుమానించండి.

బ్యారెల్‌కి కట్టుకునే మ్యాగ్నెటోస్పీడ్ రకం కూడా ఉంది, అది వెలుతురుతో పనిలేకుండా అయస్కాంతంతో పట్టుకుంటుంది. బాగానే కొలుస్తుంది గానీ బ్యారెల్‌కి బరువు వేలాడదీసినట్టే, గుండు తగిలే చోటు మారిపోతుంది, గ్రూప్, వేగం ఒకేసారి చూసుకోవడం కుదరదు. రాడార్లు క్రికెట్‌లో బౌలర్ వేగం కొలిచే స్పీడ్ గన్ లాంటివే, పక్కన పెట్టి కాల్చుకోవడమే. మీ అబ్బాయి మాటలో నిజం ఒకటుంది: నలుగురు కాల్చే రేంజిలో ట్రైపాడ్ ముందుకు పెట్టాలంటే అందరూ కాల్పులు ఆపేదాకా ఆగాలి. అది మీకు ఇబ్బంది అనిపించకపోతే కొనక్కర్లేదు.

మాన్యువల్‌లో గరిష్ఠ చార్జి దగ్గర ఇచ్చిన వేగం కంటే నాకు 60 అడుగులు ఎక్కువ వస్తోంది, అదీ గరిష్ఠం కంటే తక్కువ పౌడర్‌తోనే. ప్రైమర్లు చదునవ్వలేదు, బోల్ట్ తేలిగ్గానే లేస్తోంది. నా బ్యారెల్ మంచిదని అనుకోవచ్చా? — అట్లాంటా

అనుకోవద్దు, దయచేసి ఈ లోడ్ ఆపండి. క్రోనోగ్రాఫ్ పీడనం కొలవదు గానీ, అదే బుల్లెట్, అదే పౌడర్, అదే బ్యారెల్ పొడవు ఉన్నప్పుడు అదనపు వేగం అదనపు పీడనం నుంచే వస్తుంది, ఊరికే రాదు. ముందు బ్యారెల్ పొడవు చూడండి, మాన్యువల్ వాళ్లది 24 అయి మీది 26 అంగుళాలైతే అంగుళానికి ఇరవై నుంచి ముప్ఫై అడుగులు న్యాయంగానే వస్తాయి. పొడవు ఒకటే అయితే మాత్రం ప్రమాదమే. 6.5 క్రీడ్‌మోర్‌కి అమెరికా పరిశ్రమ సంస్థ సామీ పెట్టిన హద్దు 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). ప్రైమర్ చదునవ్వడం, బోల్ట్ బిగుసుకోవడం, కేసు వెనక మెరిసే మచ్చ, ఇవన్నీ చాలా రైఫిళ్లలో ఆ హద్దు దాటాకే కనపడతాయి. అవి కనపడలేదు కాబట్టి బాగున్నాం అనుకోవడం తప్పు. ఇక్కడ క్రోనోగ్రాఫ్ వాటికంటే ముందే మీకు చెప్పింది, దాని మాట వినండి.

త్రాసుని తూకపు రాళ్లతో సరిచూసుకోండి. మందమైన గోడల కేసులు వాడుతున్నారా, పౌడర్ లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) మారిందా, బుల్లెట్ బ్యారెల్ లోపలి మెలి గాడులకి ఆనుకుంటోందా చూడండి. బ్యారెల్ కొత్తదైతే మొదటి వంద రెండొందల షాట్లలో దానంతట అదే వేగం పుంజుకుంటుంది, అప్పుడు ఖాయం చేసిన లోడ్ తర్వాత ఎక్కువైపోతుంది. కారణం దొరికినా దొరక్కపోయినా, వేగం మాన్యువల్ అంకెకి దిగేదాకా పౌడర్ తగ్గించండి. ఆ 60 అడుగులతో మీకు ఒరిగేది ఏమీ లేదు, స్కోప్ మీద కొన్ని క్లిక్కులు తిప్పితే సరిపోయే దూరం.

ఫిబ్రవరిలో వేగం కొలిచి, ఎంత దూరానికి ఎంత పైకి గురి పెట్టాలో లెక్క చెప్పే యాప్‌లో పెట్టాను. 1,000 గజాల దగ్గర అప్పుడు సరిగ్గా తగిలింది. జులైలో అదే లోడ్ అడుగు పైన తగులుతోంది. గాలి ఉష్ణోగ్రత యాప్‌లో మార్చాను కూడా. — హ్యూస్టన్

గాలి ఉష్ణోగ్రత మార్చారు, పౌడర్ ఉష్ణోగ్రత మార్చలేదు. వేసవిలో పౌడర్ వేడెక్కి వేగం పెరుగుతుంది. డిగ్రీ ఫారెన్‌హీట్‌కి ఒక అడుగు పెరిగే పౌడర్ అయితే, 40 డిగ్రీల ఉదయానికీ 95 డిగ్రీల మధ్యాహ్నానికీ 55 అడుగులు, అంటే వెయ్యి గజాల దగ్గర పద్నాలుగు అంగుళాల దాకా. మీరు చెప్పిన అడుగు దాదాపు అదే. హెచ్4350, వార్‌గెట్ లాంటివి వేడికి తక్కువ చలిస్తాయి గానీ అసలు చలించకుండా ఉండవు. చలికాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి ఇరవై షాట్లు కొలిచి, రెండు వేగాలూ వాటి ఉష్ణోగ్రతలతో సహా యాప్‌లో ఎక్కించండి, చాలా యాప్‌లలో దానికి చోటుంది. తూటాల డబ్బా ఎండలో కారు మీద పెట్టకండి, నీడన పెట్టండి. గాలి చూసుకుంటూ, వేడెక్కిన చాంబర్‌లో తూటా పెట్టి నిమిషాలు కూర్చోకండి, ఆ ఒక్క షాట్ పైకి పోతుంది.

హెచ్‌1బీ మీద ఉన్నాను. తూటాలు నింపే ఫ్రెండ్‌తో కలిసి ఇదంతా నేర్చుకోవచ్చా? — షార్లట్

ముందు చట్టం. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధించింది, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. ఆ చట్టంలో తూటా అంటే ఖాళీ కేసు, ప్రైమర్, బుల్లెట్, పౌడర్ విడివిడిగా కూడా తూటా కిందికే వస్తాయి, ఈ సంగతి చాలామందికి తెలియదు. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకి ఈ నిషేధం లేదు. బల్ల మీద చెయ్యి వేసే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి, దీంట్లో పొరపాటు జరిగితే వీసాకే ముప్పు.

సార్, మా అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఆడుతుంది. దానికి క్రోనోగ్రాఫ్ పనికొస్తుందా? ఇక్కడ మనం తూటాలు నింపుకోవచ్చా? — హైదరాబాద్

రెండోదానికి జవాబు కుదరదు అనే. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తయారీకి లైసెన్సు ఉండాలి, మామూలు తుపాకీ లైసెన్సు దానికి చాలదు.

ఎయిర్ రైఫిల్ సంగతికొస్తే, పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల పైచిలుకు వేగంతో వెళుతుంది. అందులో 5 మీటర్లు తగ్గితే పది మీటర్ల దగ్గర ఒక మిల్లీమీటరు కిందికి తగులుతుంది. తక్కువేం కాదు, వలయాల మధ్య దూరం రెండున్నర మిల్లీమీటర్లు కాబట్టి 0.4 పాయింటు దాకా పోవచ్చు. 2012 లండన్‌లో మన గగన్ నారంగ్ 701.1తో కాంస్యం తెచ్చాడు, రజతం 701.5కి పోయింది. అయితే ఆరోగ్యంగా ఉన్న మ్యాచ్ రైఫిల్ వేగం ఒక మీటరు అటూ ఇటూ నిలబడుతుంది, అంటే తేడా 0.2 మిల్లీమీటరే. అందుకని మీరు కొనక్కర్లేదు, అకాడమీలో ఒకటి ఉంటే చాలు. నెలకోసారి పది షాట్లు కొలిచి పుస్తకంలో రాయించండి. సగటు మెల్లగా జారుతున్నా, షాట్ షాట్‌కీ ఎగుడుదిగుడు పెరిగినా రెగ్యులేటర్ గానీ సీల్ గానీ సర్వీసుకి వచ్చిందని అర్థం, అమ్మాయి చెయ్యి వణుకుతోందని కోప్పడకముందే అది తెలుస్తుంది. రైఫిల్ గాలి సిలిండర్ మీద తయారీ తేదీ చూసుకోండి, పదేళ్లు దాటితే పోటీలో అనుమతించరు. ఇక డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే పెల్లెట్ల మీద పెట్టండి: నాలుగైదు లాట్లు తెప్పించి, రైఫిల్‌ని బిగించి ఒక్కో లాట్ ఇరవై చొప్పున కాల్పించి, బిగువుగా పడిన లాట్ డబ్బాలు సీజన్‌కి సరిపడా ఒకేసారి కొనేయండి.